కొత్త బాయిలర్ పెట్టిన చలికాలం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని చూడు అని ఎందుకు అనలేదో నాకు తెలియదు. బహుశా అలా కొన్నవాళ్లకు సామెత చెప్పే ఓపిక కూడా మిగిలి ఉండదు. బ్రెమెన్‌లో మేం కొన్న ఇల్లు మా ముత్తాతల కాలం నాటిది. సన్నగా, ఎత్తుగా, రెండు పక్కలా పొరుగిళ్లకు భుజాలు ఆనించి నిలబడి ఉంటుంది. వీధిలోంచి చూస్తే కిటికీల చుట్టూ తెల్లటి నగిషీలతో ముచ్చటగా ఉంటుంది. లోపల నడిస్తే నేల మీద ప్రతి చెక్కా ఒక్కో రాగం తీస్తుంది. మా ఆయనకు ఆ నగిషీలు నచ్చాయి. నాకు వెనకాల ఉన్న జానెడు తోట నచ్చింది. నేల కింద కెల్లర్‌లో ఏముందో ఇద్దరం సరిగ్గా చూడలేదు. అమ్మిన పెద్దాయన అక్కడున్న బాయిలర్‌ను అరచేత్తో తట్టి, ఇది నాకంటే గట్టిది అన్నాడు. ఆయన అప్పటికే చేతికర్ర లేనిదే నడవలేకపోతున్నాడు. ఆ సంగతి మేం పట్టించుకోలేదు.

గృహప్రవేశానికి కరీంనగర్ నుంచి మా అత్తమ్మ వచ్చింది. మామయ్య పోయి చాలా ఏళ్లయింది. పాలు పొంగించి, కొడుకు కొన్న ఇల్లు కళ్లారా చూసి, రెండు నెలలుండి వెళ్లిపోవాలని ఆమె లెక్క. ఆమె వచ్చిన కొద్ది రోజులకే దేశాలన్నీ తలుపులు వేసుకున్నాయి. విమానాలు ఆగిపోయాయి. నాకూ మా ఆయనకూ ఆఫీసులు ఇంటికే వచ్చేశాయి. మేడ మీది గదిలో ఒకరం, వంటింటి బల్ల దగ్గర ఒకరం కంప్యూటర్ల ముందు కూర్చుంటే, మధ్యలో అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మా కెమెరాల్లో పడకుండా గోడ వెంబడి నడిచేది.

నిజం చెప్పాలంటే నేను మొదట భయపడ్డాను. రెండు నెలల అత్తగారు వేరు, ఎప్పుడు వెళ్తుందో తెలియని అత్తగారు వేరు. కానీ ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే నాకు భయం గుర్తురాదు. మూతబడిన వీధిలో మా కిటికీ ఒక్కదాంట్లోంచి వచ్చే పోపు వాసన గుర్తొస్తుంది. పక్కింటి ముసలావిడ తోట గోడ మీదుగా, ఈ రోజు ఏం వండారని సైగ చేయడం గుర్తొస్తుంది. సూపర్ మార్కెట్లో టాయిలెట్ పేపర్ కోసం జనం తోసుకున్నారని చెబితే అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "నల్లా నిండ నీళ్లున్నయి. గీ కాయితాలకు కొట్లాటేంది బిడ్డా" అంది. శుక్రవారం శుక్రవారం ఆమె సాంబ్రాణి వేస్తే పైకప్పుకు బిగించిన పొగ అలారం మోగేది. మా ఆయన కుర్చీ ఎక్కి దాని నోరు మూయించేవాడు. మూడోసారో నాలుగోసారో ఆ కుర్చీని అక్కడే శాశ్వతంగా ఉంచేశాం.

వేసవి వచ్చేసరికి ప్రత్యేక విమానాలు మొదలయ్యాయి. అప్పటికి నాకు నెల తప్పింది. టికెట్ చూడమంటావా అని మా ఆయన అడిగితే, పురుడు కాకముందు ఎట్ల పోతరు ఎవరన్న అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. వీసా ఆఫీసువాళ్లు కూడా ఆ ఏడాది జాలిగానే ఉన్నారు. కాగితం మీద గడువు పొడిగించి పంపారు. నాకు మా అమ్మ లేదు. పురుడంటే ఏం చేయాలో చెప్పేవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు గానీ, చేసేవాళ్లు లేరు. ఆమె ఉండిపోతానన్న రోజు నేను స్నానాల గదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

అక్టోబర్ చివర్లో బాయిలర్ పోయింది. పోవడమంటే ఒక్కసారిగా పోలేదు. ముందు దగ్గింది, తర్వాత గొణిగింది, ఆ తర్వాత కింద నీటి మడుగు చేసుకుని ఊరుకుంది. అంతవరకూ ఈ దేశంలో వేణ్ణీళ్లు కూడా సర్కారువాళ్లే గొట్టాల్లో పంపుతారని అత్తమ్మ అనుకుంటోందట. కెల్లర్‌లో ఒక పొయ్యి ఉందనీ, అదే నల్లాలకూ, గదుల్లో గోడలకు బిగించిన ఇనప రేడియేటర్లకూ నీళ్లు కాచి పంపుతుందనీ చెబితే, ఇంట్ల ఇంత పెద్ద గీజర్ పెట్టుకుని నాకు చెప్పనే లేదేంది అని నొచ్చుకుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అదే వారంలో నాకు నెలలు నిండకుండానే కాన్పయింది. బాబు పుట్టాడు. రెండు చేతుల్లో పట్టేంత ఉన్నాడు. క్లినిక్‌లో గాజుపెట్టెలో పెట్టారు. ఆ రోజుల్లో నిబంధనలు ఎలా ఉండేవో ఇప్పుడు చెబితే నమ్మరు. లోపలికి తల్లిని మాత్రమే, అదీ కొద్ది గంటలే రానిచ్చేవాళ్లు. మా ఆయన పార్కింగ్‌లో నిలబడి పై అంతస్తు కిటికీల్లో మాది ఏదో ఊహించుకునేవాడు. అత్తమ్మ ఫోన్‌లో బొమ్మ చూసి, దిష్టి తగులుతుందని వెంటనే ఫోన్ బోర్లా పెట్టేసేది. సాయంత్రం వాణ్ణి అక్కడ వదిలి ఇంటికి రావడం కంటే కష్టమైన పని నా జీవితంలో మరొకటి చేయలేదు. ఇల్లు వెచ్చగా ఉంటేనే బాబును పంపుతామని డాక్టరమ్మ చెప్పింది. మా ఇంట్లో అప్పుడు నోరు తెరిస్తే ఆవిరి వచ్చేది.

ఆ రోజుల్లో హైట్సుంగ్ పని, అంటే ఇళ్లు వెచ్చబెట్టే ఈ బాయిలర్ల పని చేసేవాళ్ల అపాయింట్‌మెంట్ దొరకడం దేవుడి దర్శనం కంటే కష్టం. మా ఆయన ఫోన్ చేసిన ప్రతిచోటా జనవరి అన్నారు. చివరికి పక్కింటి ముసలావిడ తన ఇంటికి పాతికేళ్లుగా వస్తున్న మెకానిక్‌కు ఫోన్ చేసి, పసివాడి సంగతి చెప్పి, దబాయించి పిలిపించింది. ఆయన భారీ మనిషి. ముఖానికి మాస్కు, దాని అంచుల్లోంచి గడ్డం. వచ్చీ రాగానే కెల్లర్ కిటికీలన్నీ తెరిచి, ఎవరూ మెట్లు దిగొద్దని చెప్పి, ఒంటరిగా అరగంట తిరిగాడు. తర్వాత మెట్ల కింద నిలబడి, పైనున్న మాకు వినపడేలా గట్టిగా తీర్పు చెప్పాడు. పాత బాయిలర్ చచ్చిపోయింది, అది పెద్ద విషయం కాదు. అసలు రోగం గొట్టాల్లో ఉంది. కొత్త బాయిలర్ తెచ్చి ఈ గొట్టాలకే తగిలిస్తే రెండేళ్లలో అదీ పోతుంది. గొట్టాలు సరిచేయనిస్తే చేస్తాను, లేకపోతే ఇంకొకరిని చూసుకోండి.

నాకు ఒళ్లు మండింది. పిల్లాడు క్లినిక్‌లో ఉంటే ఈయన గొట్టాల శాస్త్రం చెబుతాడేమిటి, ఏదో ఒకటి తగిలించి వేడి తెప్పించవచ్చు కదా అని మా ఆయనతో తెలుగులో గొణిగాను. ఆయనకు తెలుగు రాకపోయినా నా గొంతు అర్థమైనట్టుంది. ఒక బకెట్ తీసుకుని గోడ మీది గొట్టం మూత విప్పాడు. కాటుక కలిపినట్టున్న నల్లటి నీళ్లు పడ్డాయి. పాత ఇనుము ఏళ్ల తరబడి లోలోపల అరిగి చేసిన బురద అది. ఆ బకెట్ చూశాక గొట్టాలు కూడా సరిచేయమన్నాను.

తర్వాత కొన్నాళ్లు మా కెల్లర్ ఆపరేషన్ థియేటర్‌లా ఉంది. ఇంటికి ఒక్కో తరంలో ఒక్కొక్కరు ఒక్కో గొట్టం అతికించుకుంటూ పోయారట. బాయిలర్ నుంచి పైకి వెళ్లే వేడినీళ్ల గొట్టం ఏదో, గదులన్నీ తిరిగి చల్లారి వెనక్కి వచ్చే గొట్టం ఏదో ఎవరికీ గుర్తు లేదు. ఆయన వెళ్లే దారికి ఎర్ర సుద్దతో, వచ్చే దారికి నీలం సుద్దతో గోడంతా గీతలు గీశాడు. మేడ మీది చిన్నగదిలో రేడియేటర్ రెండు కొసలూ ఎవరో మహానుభావుడు ఒకే గొట్టానికి కలిపాడని తేలింది. ఆ గది పుట్టి బుద్ధెరిగి వెచ్చబడలేదన్నమాట. వంకర గొట్టాలు కోసేశాడు. మిగిలిన వాటిని నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడిగాడు. కొత్త రాగి గొట్టాలు వేసి, వేడి దారిలోనే ఆరిపోకుండా మెత్తటి తొడుగులు తొడిగాడు. బురద పట్టే జల్లెడ ఒకటి, నీళ్లు ఉబ్బినప్పుడు సర్దుకునే ఎర్ర డబ్బా ఒకటి పెట్టాడు. చివర్లో గది గదికీ తిరిగి ఒక్కో రేడియేటర్‌కు ఎన్ని నీళ్లు వెళ్లాలో మర తిప్పి సరిచేశాడు. అది ఎందుకని అత్తమ్మ అడిగితే నేను బంతి భోజనాలతో పోల్చి చెప్పాను. ముందు కూర్చున్నవాళ్లే కూరంతా వడ్డించుకుంటే చివరివాళ్ల దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ అవుతుంది కదా. ఆమెకు వెంటనే అర్థమై, పనిమంతుడు అని తల ఊపింది.

ఆమెకు ఆయన మీద అభిమానం కుదిరింది. పొద్దున పదింటికి మెట్ల మీద చాయ్, పక్కన సకినాలు పెట్టి, పైకి వచ్చి తలుపు దగ్గరకు వేసేది. ఆయన మాస్కు తీసి, ఒంటరిగా ఆ మెట్టు మీద కూర్చుని కరకరా నమిలే శబ్దం పైకి వినపడేది. ఆ శబ్దం వింటూ ఆమె వంటింట్లో నవ్వుకునేది. ఒకరికొకరు దూరంగా ఉండమన్న ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చిన ఒకే ఒక్క చుట్టం ఆయన. పని పూర్తయిన రోజు కొత్త బాయిలర్‌కు పసుపు కుంకుమ పెడతానని ఆమె పట్టుబట్టింది. దీనివల్ల గ్యారంటీకి అడ్డం ఉండదు కదా అని మా ఆయన నసుగుతూ అడిగాడు. మూత తెరిచే చోట పెట్టకండి, ఇంకెక్కడైనా పెట్టుకోండి అన్నాడాయన. ఆ బొట్టు ఇప్పటికీ దాని నుదుటి మీద ఉంది.

బాబు ఇంటికొచ్చాడు. ఇల్లు వెచ్చగా ఉంది. నేను ఇంతకంటే ఏమీ కోరుకోనని దేవుడికి చెప్పుకున్నాను.

వాడి స్నానం మా ఇంట్లో రోజూ జరిగే పండగ. ఈ దేశంలో స్నానాల గది నేలకు నీళ్లు పోయే తూము ఉండదు. కింద పోస్తే నీళ్లు కింది గది కప్పులోంచి కారతాయి. అందుకని అత్తమ్మ ఖాళీ టబ్బులో చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టుకుని, కాళ్లు చాపి కూర్చునేది. పక్కన ఇనుప దుకాణంలో కొన్న బకెట్, దాంట్లో మగ్గు. వాణ్ణి కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, ముక్కు నుంచి మడమ దాకా అన్నీ సాగదీసి, చెంబెడు చెంబెడు పోసేది. పుట్టినప్పుడు ఏడవడానికి కూడా ఓపిక లేనివాడు ఆ నీళ్లకు గుక్కపట్టి ఏడ్చి, ఆపైన గంటలకొద్దీ నిద్రపోయేవాడు. ఇప్పుడు వాడు నేను తెలుగులో పిలిస్తే జర్మన్‌లో జవాబిస్తాడు. తలకు నూనె రాస్తానంటే ఇల్లంతా పరుగెడతాడు. ఆ పిడికెడు వీపు మీద మెరిసే నూనె నాకు మాత్రం నిన్నటి సంగతిలా ఉంది.

బాబు వచ్చిన కొద్ది రోజులకే ఇంట్లో చలి మళ్లీ మొదలైంది. సాయంత్రం దాకా వెచ్చగా ఉండే ఇల్లు తెల్లారేసరికి మంచుముద్దలా ఉండేది. రేడియేటర్ మీద చెయ్యి పెడితే చల్లటి ఇనుము. మా ఆయన నిద్రకళ్లతో కెల్లర్‌లోకి పరుగెత్తితే అక్కడ బాయిలర్ హాయిగా గుర్రుమంటూ పనిచేస్తూ ఉండేది. మధ్యాహ్నానికి ఇల్లు మళ్లీ వేడెక్కేది. మర్నాడు తెల్లవారితే మళ్లీ అదే. హైట్సుంగ్ ఆయన వచ్చాడు. గొట్టాల్లో గాలి ఉందేమోనని తీశాడు. మరలు మళ్లీ తిప్పాడు. రాత్రి వేడి తగ్గించే ఏర్పాటు ఏదో ఉంటుందట, అది తీసేశాడు. అయినా మార్పు లేదు. బాయిలర్‌లో ఉన్న గడియారం మాత్రం ఎన్నిసార్లు సరిచేసినా తప్పు చూపిస్తోందని, అది తనకు నచ్చడం లేదని గడ్డం గోక్కుంటూ వెళ్లాడు. మా ఆయన ఆన్‌లైన్‌లో కరెంటు హీటర్ తెప్పించాడు. దాన్ని పెట్టగానే ఆ పాతింటి వైర్లు తట్టుకోలేక ఫ్యూజు కొట్టేసింది.

పురుడైన ఇళ్లకు వచ్చి తల్లినీ బిడ్డనూ చూసుకునే మంత్రసానిని ఇక్కడ హెబామె అంటారు. మా హెబామె బాబును గుడ్డ ఉయ్యాలలా ఉండే తూకంలో వేలాడదీసి బరువు చూసేది. ఆ వారం చూసి పెదవి విరిచింది. పాలు బాగానే తాగుతున్నాడు, కానీ తాగిందంతా ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతోంది, రాత్రిళ్లు ఇల్లు చల్లబడకూడదు అంది. వచ్చేసారికి బరువు పెరగకపోతే మళ్లీ క్లినిక్‌కు పంపక తప్పదని మెల్లగా చెప్పింది. నాకు ఆ గాజుపెట్టె, ఆ పార్కింగ్ కళ్ల ముందు తిరిగాయి. ఆ రాత్రి నుంచి వాణ్ణి గుండెకు కట్టుకుని, పైన నాలుగు రగ్గులు కప్పుకుని కూర్చునే నిద్రపోయాను. కొత్త బాయిలర్ మీద, దాన్ని బిగించిన మనిషి మీద, ఆ ఇంటి మీద నాకు వచ్చిన కోపానికి అంతు లేదు.

ఆయనకు ఫోన్ చేసి నాకు వచ్చిన జర్మన్ అంతా అరిచేశాను. ఆయన నొచ్చుకోలేదు. రేపు పొద్దున వచ్చి బాయిలర్ ముందు కూర్చుంటాను, అది ఏం చేస్తుందో చూస్తాను అన్నాడు. అన్నట్టే వచ్చి, దాని ఎదురుగా బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. పైన మేం మా పనుల్లో పడ్డాం. అత్తమ్మ బకెట్‌లో నీళ్లు పట్టి పెట్టి, బాబు గుడ్డలు ఆరేసిన చోటు నుంచి తెస్తానని కెల్లర్ వైపు వెళ్లింది. బాయిలర్ పక్కన వెచ్చగా ఉంటుందని గుడ్డలు అక్కడే ఆరేసేది. అందుకని ఆమె రోజుకు ఎన్నిసార్లు అటు వెళ్లినా మాకు వింతగా అనిపించేది కాదు.

క్షణం తర్వాత కింద నుంచి బరువైన అడుగులు గబగబా పైకి వచ్చాయి. నేను బాబును ఎత్తుకుని వెళ్లేసరికి కెల్లర్ మెట్ల పైన ఆయనా ఆమే ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమె రెండో చెయ్యి గోడ మీద, కొత్త స్విచ్చు పక్కన ఉంది. ఏదైనా ప్రమాదం జరిగితే కిందికి దిగకుండానే బాయిలర్‌ను ఆపడానికి పెట్టిన స్విచ్చు అది. పాతది పాడైందని, పని పద్ధతిగా ఉండాలని, ఎర్ర దీపం ఉన్నది ఆయనే తెచ్చి బిగించాడు. మాకు అది గోడలో గోడ. ఆమెకు అది చూడగానే తెలిసిన వస్తువు. మన ఊళ్లో ప్రతి స్నానాల గది బయటా ఉండే గీజర్ స్విచ్చు అచ్చం అలాగే ఉంటుంది, ఎర్ర దీపంతో సహా. ఆ దీపం ఇప్పుడు ఆరిపోయి ఉంది.

రోజూ నువ్వే ఆపుతున్నావా అని అడిగాను. అత్తగారిని నువ్వు అన్న మొదటిసారి, చివరిసారి అదే. ఆమె నా గొంతుకు బెదరలేదు. అడగాల్సిన ప్రశ్నేనా అది అన్నట్టు చూసింది.

"స్విచ్చి బంద్ చెయ్యకుండ పిల్లగానికి నీళ్లెట్ల పోస్తం బిడ్డా? షాక్ కొట్టదా?"

మరి రాత్రి ఎందుకని అడిగితే, రాత్రంతా గీజర్ ఇడిసిపెట్టి ఎవరన్న పండుకుంటరా, పేలిపోతే అందరం ఇంట్లనే ఉంటం గద అంది. మేం పడుకున్నాక ఆపి, మాకంటే ముందు లేచి వేసేదట, కొడుకు లేచేసరికి వేణ్ణీళ్లు సిద్ధంగా ఉండాలని. బాయిలర్‌లో గడియారం రోజూ తప్పింది అందుకేనన్నమాట. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్ల దాకా చీకట్లో గోడ పట్టుకుని నడిచేది. తర్వాత ఇంకో మాట చెప్పింది. కరీంనగర్‌లో వాళ్ల ఇంట్లో కిరాయికున్న పిల్ల, ఏడాది బిడ్డ తల్లి, బకెట్‌లో వాటర్ హీటర్ కడ్డీ ఉండగానే నీళ్లు వేడెక్కాయో లేదో చూద్దామని వేళ్లు ముంచింది. ఆ పిల్లను బకెట్ నుంచి కర్రతో విడదీసింది అత్తమ్మే. అప్పటికే ప్రాణం పోయింది.

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆమె చెప్పింది ఆయనకు జర్మన్‌లో చెప్పాను. ఆయన అంతా విని తల దించుకుని నిలబడ్డాడు. ఇది మంటతో నీళ్లు కాస్తుంది, కరెంటు నీళ్లను తాకదు, గొట్టాలన్నీ ఎర్తింగ్‌కు కలిపాను, ఎన్ని రోజులు నడిచినా పేలదు అని ఒక్కొక్కటీ నిదానంగా చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె ప్రతిదానికీ మర్యాదగా తల ఊపింది. ఆయన స్విచ్చు మీద పారదర్శకంగా ఉన్న మూత ఒకటి బిగించి వెళ్లాడు.

విషయం అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆయనకు కడుపులో మాట దాగదు. మధ్యాహ్నం అన్నం దగ్గర, నువ్వు రాత్రిళ్లు బంద్ చేసుడుతోనే పిల్లగాని బరువు పెరుగుతలేదమ్మా, మళ్ల దవఖానాకు పంపుతమన్నరు అనేశాడు. ఆమె ముద్ద కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. హెబామె జర్మన్‌లో చెప్పిన మాటలు ఆమెకు మేం ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, కంగారు పడుతుందని. అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు బకెట్ నిండలేదు. నూనె గిన్నె బయటకు రాలేదు. ఏమిటని అడిగితే, నువ్వే పొయ్యి బిడ్డా, నా చెయ్యి వద్దు అంది. ఎంత చెప్పినా అంతే. వండింది, బట్టలు ఉతికింది, నాకు బాలింత మందు కాయం తినిపించింది, బాబును మాత్రం తాకలేదు. వాడు ఏడిస్తే తలుపు దాకా వచ్చి ఆగిపోయేది. ఒకే ఇంట్లో ఉంటూ, ఆ రోజుల్లో బయట జనం నిలబడ్డట్టు, మీటరున్నర దూరంలో నిలబడేది.

ఇల్లు మాత్రం పగలూ రాత్రీ ఒక్కలాగే వెచ్చగా ఉంది. పుట్టి బుద్ధెరిగి వేడి ఎరగని మేడ మీది చిన్నగది కూడా వెచ్చబడింది. హెబామె వచ్చి తూచింది. ముల్లు చూసి, మరోసారి తూచి, మాస్కు వెనకే నవ్వింది. క్లినిక్ మాట ఎత్తనక్కర్లేదు అంది. నేను వాణ్ణి గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాను. వంటింట్లోకి వెళ్లి, పెరిగాడు అత్తమ్మా అన్నాను. ఆమె పప్పు కడుగుతోంది. మంచిగైంది అని, నీళ్లు వంపి, మళ్లీ కడగడం మొదలుపెట్టింది. ఆ పప్పు అప్పటికే శుభ్రంగా ఉంది.

నేను మొండిదాన్నని మా ఆయన అంటాడు. అది నిజమే. ఆ రోజు నిశ్చయించుకున్నాను, వీడికి నేను స్నానం పొయ్యనని. పొయ్యడం నాకు రాదు కూడా. తడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాను. రెండు రోజులయ్యేసరికి మెడ మడతల్లో పాలు విరిగిన వాసన వేయడం మొదలుపెట్టింది. వాణ్ణి అలాగే తీసుకెళ్లి ఆమె గది గుమ్మంలో నిలబడ్డాను. మీరు పోస్తేనే వీడికి స్నానం అత్తమ్మా, లేకపోతే బడికి కూడా ఇలాగే పోతాడు అన్నాను. ఆమె నవ్వలేదు. వాడి మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. తర్వాత లేచి నూనె గిన్నె తీసింది.

స్నానాల గదిలో చీర ఎగ్గట్టుకుని టబ్బులోకి దిగింది. కాళ్లు చాపి కూర్చుంది. బకెట్‌ను నల్లా కిందికి లాక్కుని నా వైపు చూసింది.

"స్విచ్చి ఏసే ఉన్నదా?"

వేసే ఉంది అన్నాను.

వాణ్ణి అందివ్వబోతే ఆగమన్నట్టు వేలు చూపింది. నల్లా తిప్పింది. నీళ్లు ఆవిరి కక్కుతూ పడ్డాయి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, కుడిచేతిని మోచేతి దాకా ఆ ధార కింద పెట్టింది. అప్పుడు నాకు తెలిసింది, నేను చెప్పిందీ ఆయన చెప్పిందీ ఒక్క ముక్క కూడా ఆమె నమ్మలేదని. ఆ నీళ్లలో చావుంటే అది ముందు తనకు తగలాలని కూర్చుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుందో తెలియదు. చెయ్యి ఎర్రబడేదాకా అలాగే ఉంచింది.

ఏమీ కాలేదు. కళ్లు తెరిచి, చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంది. చన్నీళ్ల నల్లా తిప్పి వేడి సరిపెట్టింది. ఆ తర్వాత రెండు చేతులూ నా వైపు చాపింది.

"ఇగ ఇయ్యి" అంది.